పన్నెండో నంబరు

కిందటి వారం మనం ఓవరమ్మని ఇంటి గడపలో, భుజాన సంచితో, సంచిలో కవరుతో నిలబెట్టి వచ్చేశాం. వారం పాటు అలా నిలబడిపోవడం ఆవిడకేం కొత్త కాదు. ఎనిమిది నెలలుగా చేస్తున్నది అదే.

మరచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. కవర్లో ఉన్నది ఉత్తరం. "మా అత్తగారు మంచం దిగలేని స్థితిలో ఉన్నందున నేను తిరిగి ఉద్యోగంలో చేరలేను" అని సొంత చేత్తో రాసుకుని సంతకం పెట్టుకున్న ఉత్తరం. సాయంత్రం ఐదులోపు అంబులెన్స్ కంట్రోల్ రూమ్‌లో దాన్ని ఇచ్చేస్తే పదకొండేళ్ళ కొలువుకి చెల్లుచీటీ. ఉత్తరం ఇవ్వకుండా వెళ్ళి తన కుర్చీలో కూర్చుంటే కుర్చీ ఆవిడదే. రెండూ చెయ్యకుండా ఇంట్లో ఉండిపోతే రేపు పొద్దున్న ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

ఆవిణ్ణి సందులో అందరూ ఓవరమ్మ అంటారు. పదకొండేళ్ళు వైర్‌లెస్‌లో అంబులెన్స్‌లని అటూ ఇటూ పరుగెత్తించిన మనిషి. మాట ముగించినప్పుడల్లా "ఓవర్" అనడం నాలుకకి అలవాటైపోయి, కూరగాయల బండివాడితో కూడా "అరకిలో చాలు, ఓవర్" అనేసింది ఒకరోజు. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. అత్తగారు స్నానాల గదిలో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న రోజు నుంచి మాత్రం ఆవిడ నోట ఆ మాట తగ్గిపోయింది. చెప్పింది వినేవాళ్ళుంటేనే కదా ఓవర్ అనేది.

ఇంతకీ ఆవిడ గడప దాటింది. ఒక చెయ్యి గోడకి ఆనించి, ఇంకో చేత్తో నడుం బెల్టు సర్దుకుంటూ మెట్ల సందులో పైకెక్కుతోంది. సంచిలో కవరు పక్కనే వాకీటాకీ సెట్టు కూడా ఉంది. వంటింటికి తాళం వేస్తూ చివరి నిమిషంలో ఛార్జర్ మీంచి తీసి వేసుకుంది. దారిలో ఉండగా అత్తయ్యకి ఏ మంచినీళ్ళో కావాలనిపిస్తే పిలుస్తుందేమో, తనకి వినపడితే కింద పనిలో పడి పట్టించుకోని మొగుడికి కేకేసి చెప్పచ్చని. ఉద్యోగం వదులుకోవడానికి వెళ్తూ కూడా ఈవిడ ధ్యాస అత్తగారి మంచినీళ్ళ మీదే. ఇలాంటివాళ్ళని చూస్తే నాకు జాలికంటే ముందు ఒళ్ళు మండుతుంది.

ఆ సెట్లు ఇంట్లోకి ఎలా వచ్చాయో కాస్త చెప్పుకోవాలి. ఏటవాలు మీద కట్టిన ఇల్లది. అడుగున మొగుడి వడ్రంగం షెడ్డు, దాని మీద వంటిల్లు, ఆ పైన అత్తగారి గది. ఇంట్లో ఎక్కడా ఫోను పలకదు. సిగ్నల్ కావాలంటే సందు ఎక్కి పైరోడ్డు మీదికి రావాల్సిందే. అత్తగారికి ఏదైనా కావాలంటే స్టీలు గ్లాసుతో మంచం కడ్డీ మీద కొట్టేది. వంటింట్లోంచి ఈవిడ పద్దెనిమిది మెట్లెక్కి వెళ్ళేసరికి "ఏం లేదమ్మాయ్, ఫ్యాను కాస్త తగ్గిస్తావా" అనేది. మోకాళ్ళు అరిగాక ఓవరమ్మే అంది, సెట్లు కొనుక్కుందామని. కొనడంలో ఆవిడకి పాఠాలు చెప్పగలిగినవాడు ఆ ఊళ్ళో లేడు.

"ఇది ఎనిమిది కిలోమీటర్లు పోతుందమ్మా" అన్నాడు కొట్టతను అట్టపెట్టె తట్టి చూపిస్తూ.

"మైదానం మధ్యలో నిలబడితే పోతుందిలెండి. మా ఇంట్లో రెండు శ్లాబులు దాటితే నాకు చాలు. మిగతా కిలోమీటర్లు మీ దగ్గరే ఉంచుకోండి."

మొగుడు మాత్రం పెట్టె మీద అంకెలు చూసి మురిసిపోయాడు. "ఇరవై రెండు ఛానెళ్ళే! ఇదే తీసుకుందాం" అన్నాడు.

"ఉన్నది ముగ్గురం. ఒక్క ఛానెల్లో సరిగ్గా మాట్లాడుకుంటే అదే గొప్ప."

ఆవిడ చూసింది వేరు. కీళ్ళనొప్పుల వేలు నొక్కగలిగినంత మెత్తటి బటన్ ఉందా లేదా అని చూసింది. అందుకోసం ముందురోజే అత్తగారి చేత బట్టల క్లిప్పు నొక్కించి మరీ వచ్చింది. క్లిప్పుకంటే గట్టిగా ఉన్న సెట్లన్నీ పక్కన పెట్టేసింది. కరెంటు పోతే మామూలు బ్యాటరీలతో కూడా పని చేసేవి, మిషన్ రంపం హోరులో మొగుడికి వినపడేలా చెవిలో పెట్టుకునే తీగ ఉన్నవి ఏరింది. ఇంటికొచ్చి మూడింటినీ ఒకే ఛానెల్లో పెట్టి, ఒక్కొక్కరి చేతా పదేసి సార్లు పలికించింది. బటన్ నొక్కాక ఒక క్షణం ఆగి మాట్లాడాలని, ఒకరు నొక్కి ఉన్నంతసేపు ఇంకొకరి మాట పోదని నేర్పింది.

చిక్కంతా ఎదురు స్థలంలో కట్టుబడి మొదలయ్యాక వచ్చింది. వాళ్ళ దగ్గరా ఇలాంటి సెట్లే. "ఇసుక పైకి పంపు", "బకెట్టేదిరా" అంటూ మేస్త్రీల గొంతులు అత్తగారి దిండు పక్కన మోగేవి. మొగుడు పుస్తకం తిరగేసి, ప్రైవేట్ కోడ్ అని ఒకటుందని కనిపెట్టాడు.

"ఇది పెట్టుకుంటే మన మాటలు ఎవరూ వినలేరు" అన్నాడు గొప్పగా.

"అది పేరుకే ప్రైవేట్ అండీ. కోడ్ పెట్టుకుంటే వేరేవాళ్ళ మాట మనకి వినపడదు, అంతే. మన మాట వాళ్ళకి వెళ్తూనే ఉంటుంది. చెవిలో దూది పెట్టుకున్నట్టన్నమాట, నోటికి తాళం వేసినట్టు కాదు."

"పుస్తకంలో రాసుందే! రాసినవాడికి తెలీదా? నీకే తెలుసా?"

ఆయనకి ముప్పై ఏళ్ళుగా తలుపులు చేసీ చేసీ ప్రతిదీ తాళంలాగే కనిపిస్తుంది. ఆవిడ వాదించలేదు. తన సెట్టుని మాత్రం ఏ కోడూ లేకుండా సున్నా మీదే ఉంచుకుంది. కంట్రోల్ రూమ్‌లో మొదటి రోజు నేర్పే పాఠం అది. అందరి సెట్లకీ ఏ కోడైనా ఉండనీ, కంట్రోల్ సెట్టు చెవి మూసుకోకూడదు. వచ్చిందల్లా వినాలి.

సందు మలుపు తిరిగాక నడుం పోటు ఎక్కువై, చెప్పుల కొట్టు రేకు పంచ కిందకి వెళ్ళి ఆగింది ఓవరమ్మ. టైము నాలుగు దాటి ఇరవై నిమిషాలైంది. బెల్టు విప్పి బిగించుకుంటుంటే సంచిలో సెట్టు గరగరమంది.

"సందు మలుపు తిరిగిందిరా. ఇంక కనపడట్లేదు."

అత్తగారి గొంతు. అంత ఖణీమని ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో! అయ్యో, ఓపిక వచ్చినట్టుందే అని ఆవిడకి ముందు సంతోషమే కలిగింది. అంతలోనే బెల్టు మీద చెయ్యి ఆగిపోయింది. సందు మలుపు కనపడేది కిటికీలోంచి. మంచం ఉన్నది అవతలి గోడ పక్కన. మధ్యలో ఎనిమిది అడుగులు.

"గట్టిగా అరవకమ్మా" అన్నాడు మొగుడు.

"ఏం, నంబరు మార్చావుగా?"

"మార్చా. నీదీ నాదీ పన్నెండో కోడ్‌లో ఉన్నాయి. ఎదురు మేస్త్రీలు కూడా వినలేరు. దాని సెట్టు ఎలాగూ వంటింట్లో ఛార్జింగ్‌లో ఉంది."

"మరింకేం భయం? నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్నాయిరా. మంచం నుంచి కిటికీ దాకా పొద్దుట్నించి నాలుగుసార్లు తిరిగాను, అది బట్టలారేస్తుంటే."

"ఇంకొక్క గంట ఓపిక పట్టు. ఆ ఉత్తరం ఇచ్చేసి రానీ. రేపట్నించి మెల్లిమెల్లిగా లేద్దువుగాని. ఒక్కసారిగా లేస్తే అనుమానం వస్తుంది. ముందు కర్ర పట్టుకో. ఓ రెండు వారాలకి కర్ర వదిలెయ్యి."

"ఆ వ్యాయామం చేయించే అమ్మాయి మళ్ళీ రాదుగా?"

"ఐదు వారాల కిందటే మాన్పించా కదా. 'బాగా నడుస్తున్నారండీ, కోడలుగారిని పిలవండి చూపిద్దాం' అంటుంటే నా ప్రాణం మీదికొచ్చింది."

మళ్ళీ అత్తగారు, ఈసారి మెల్లగా.

"పాపంరా. నడుం పట్టుకుని నన్ను ఎత్తుతుంటే నాకే మనసొప్పట్లేదు."

"పాపమనుకుంటే నువ్వే చెప్పెయ్. అది రాత్రి డ్యూటీలకి పోతుంది, పగలంతా పడి నిద్రపోతుంది. ఇల్లెవరు చూస్తారు? నిన్నెవరు చూస్తారు?"

"నన్ను చూడక్కర్లేదులే. పై గదిలో ఒక్కదాన్నే పడుండాలంటే భయం, అంతే."

చెప్పుల కొట్టు పంచ కింద ఓవరమ్మ కదలకుండా నిలబడింది. ముందు సిగ్గేసింది. అవును, తప్పు వాళ్ళదైనా సిగ్గు ఆవిడకే వేసింది. ఆ పొద్దున్న కూడా అత్తగారి చంకల కింద చేతులేసి, ఊపిరి బిగబట్టి ఎత్తి, కుర్చీలో కూర్చోబెట్టింది. "మెల్లిగా అమ్మాయ్, అమ్మో, మెల్లిగా" అని అత్తగారు మూలిగితే, నొప్పెట్టానేమోనని కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. ఐదు వారాలు. రోజుకి రెండుసార్లు. డాక్టరు తన నడుం ఎక్స్‌రే తీయించి చూసి "బరువులెత్తకండి" అన్నప్పుడు, "మా అత్తయ్య బరువు కాదండీ" అని చెప్పొచ్చిన వెర్రిబాగుల్ది. సిగ్గు పోయాక కోపం వచ్చింది. అంత కోపం తనలో ఉందని ఆవిడకే తెలీదు.

సెట్టు బయటికి తీసింది. తన మాట వాళ్ళకి వినపడాలంటే తన సెట్టు కూడా అదే కోడ్ మీద ఉండాలి. మెనూ నొక్కి, కోడ్ దగ్గర ఆగి, సున్నా నుంచి పైకి నొక్కడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పన్నెండు దగ్గర ఆగింది. అవతల మొగుడింకా ఏదో చెబుతున్నాడు. ఒకరి మాట మీద ఇంకొకరు మాట్లాడకూడదు కాబట్టి, ఆయన బటన్ వదిలేదాకా పద్ధతిగా ఆగింది. అప్పుడు నొక్కింది.

"కంట్రోల్ మాట్లాడుతోంది. పేషెంటు నడవగలరా? ఓవర్."

పదకొండేళ్ళలో ఎన్ని వేలసార్లు అడిగిందో ఆ ప్రశ్న. నడవగలిగితే ఒక రకం బండి, నడవలేకపోతే ఇంకో రకం. ఇంత చిన్న ప్రశ్నకి ఇంతసేపు జవాబు రాకపోవడం మాత్రం ఇదే మొదటిసారి.

"నువ్వా?" అన్నాడు చివరికి మొగుడు. "నీ సెట్టు ఛార్జింగ్‌లో కదా ఉంది?"

చూశారా, ఆయనగారి మొదటి బాధ!

"అడిగినదానికి చెప్పండి. పేషెంటు నడవగలరా? ఓవర్."

"కోడ్ పెట్టానే! ఎలా విన్నావు?"

"దూది అని చెప్పాను. మీరు తాళం అనుకున్నారు."

"సరే, సరే. ఇంటికి రా, కూర్చుని మాట్లాడుకుందాం. సందులో నిలబడి ఈ రచ్చేంటి? ఎదురువాళ్ళు వింటారు."

"విననివ్వండి. వాళ్ళు గోడలు కట్టుకునేవాళ్ళు, కొంపలు కూల్చేవాళ్ళు కాదు. అత్తయ్య ఎన్నాళ్ళ నుంచి నడుస్తున్నారు?"

"ఇప్పుడిప్పుడే... ఏదో నాలుగడుగులు... నీకు చెబుదామనే..."

"ఐదు వారాలు. మీ నోటితోనే విన్నాను. ఈ ఐదు వారాలూ నేను ఆవిణ్ణి ఎత్తుతుంటే మీరు గుమ్మంలో నిలబడి చూశారు. ఒకరోజు 'మెల్లిగా ఎత్తవే, అమ్మకి నొప్పేస్తుంది' అన్నారు. గుర్తుందా?"

"నేనేం నా కోసం చేశానా? ఇంటి కోసం..."

"మీ ఇంటి కోసం నన్ను ఉద్యోగం మానేయమంటే మానేసేదాన్నేమో అండీ. అంత తెలివితక్కువదాన్నే నేను. అడగొచ్చుగా! ముసలావిడ చేత అబద్ధపు మూలుగులు మూలిగించడం దేనికి? ఒక్కసారి నోరు తెరిచి అడగడానికి మీకు నామోషీ అయిందా?"

ఆయన బటన్ నొక్కి వదిలిన చప్పుడు మాత్రం రెండుసార్లు వచ్చింది. నొక్కాక మాటే దొరకలేదు కాబోలు.

అప్పుడు అత్తగారు నొక్కింది.

"అమ్మాయ్, వాడి మీద అరవకు. నేను చెబుతా విను. మొదట వాడే అన్నాడు గానీ, ఒప్పుకున్నది నేనేగా. నువ్వు ఎత్తేటప్పుడు నా తల నీ భుజం మీద పెట్టుకుంటావే... ఈ ఇంట్లో నన్ను అట్లా పట్టుకున్నవాళ్ళు ఇంకెవరూ లేరు. అది పోతుందని... ఉండు, నేనే కిందికొస్తున్నా, మెట్లు దిగి నీ ఎదురుగా నిలబడి..."

దభీమని చప్పుడు. ఏదో గాజుది పగిలింది.

ఆ తర్వాత సెట్టులోంచి ఒకటే మూలుగు. ముసలావిడ సెట్టు మీదే పడినట్టుంది, బటన్ ఒంటి కింద నొక్కుకుపోయింది. ఆవిడ బటన్ నొక్కి ఉన్నంతసేపు ఇక ఎవరి మాటా పోదు. "అత్తయ్యా!" అని ఓవరమ్మ సెట్టు నోటి దగ్గర పెట్టుకుని అరిచింది. వినపడదని తెలిసీ అరిచింది.

మూలుగులు విని మనిషి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పగలిగే చెవి ఆవిడది. ఊపిరి ఎక్కడ తెగుతోంది, ఎక్కడ అందుతోంది, ఏది భయం, ఏది నొప్పి అన్నది ఫోన్లోనే పట్టేసేది. డాక్టర్లు కూడా మెచ్చుకునేవారు. ఇప్పుడు కళ్ళు మూసుకుని చెవి సెట్టుకి ఆనించి వింది. "అమ్మో... మెల్లిగా... అమ్మో..." ఐదు వారాలుగా రోజుకి రెండుసార్లు విన్నదే. అదే గొంతు, అవే మాటలు. నిజమో కాదో తెలియలేదు. తన చెవి మీద తనకున్న నమ్మకాన్ని కూడా వాళ్ళు లాగేసుకున్నారని అప్పుడర్థమైంది. ఉద్యోగం పోయినా ఇంత బాధపడేది కాదేమో.

నడుం సంగతి మరచిపోయి మిగిలిన మెట్లు ఎక్కేసింది. పైరోడ్డు మీదికి రాగానే ఫోనులో సిగ్నల్ వచ్చింది. అంబులెన్స్ నంబరు నొక్కింది. అవతల ఎత్తింది ఒక అమ్మాయి. ఎవరని ఈవిడ అడగలేదు.

"వయసు డెబ్భై రెండు, ఆడమనిషి, ఇప్పుడే పడ్డారు. తుంటికి పాత దెబ్బ ఉంది. స్పృహలో ఉన్నారు, మాట్లాడుతున్నారు. మెట్ల సందు, కింద వడ్రంగం షెడ్డున్న ఇల్లు, పై గది. మెట్ల దగ్గర స్ట్రెచర్ తిరగదు, మడత కుర్చీ తెమ్మనండి. బండి పైరోడ్డు మీదే ఆపాలి, సందులోకి రాదు."

అవతల కీబోర్డు టకటకలాడింది. "బండి బయల్దేరిందండీ, ఎనిమిది నిమిషాల్లో ఉంటుంది. పేషెంటు దగ్గర ఎవరున్నారు?"

"కొడుకున్నాడు."

"మీరేమవుతారు?"

"కోడల్ని."

కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. ఆ ఆగడంలోనే ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టేశారు. ఆ అమ్మాయికి మూడేళ్ళ కిందట పక్కన కూర్చుని పని నేర్పింది ఈవిడే.

"అక్కా! నువ్వేనా? చెప్పే తీరుని బట్టే అనుకున్నా. అక్కా, బండి వచ్చేస్తోంది, కంగారుపడకు. మన ఇన్‌చార్జి మేడమ్ నీ కుర్చీలో ఇప్పటిదాకా ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఐదింటి దాకా చూస్తానన్నారు. ఇంకా అరగంట ఉంది."

ఎదురుగా, మలుపు దగ్గర బస్సు హారన్ కొట్టింది. కంట్రోల్ రూమ్ మీదుగా వెళ్ళే బస్సే. ఇది ఎక్కితే ఇరవై నిమిషాలు.

అప్పుడే రెండో చేతిలో సెట్టులో మూలుగు ఆగి లైను ఖాళీ అయింది. మొగుడు పైకి పరుగెత్తుకొచ్చి తల్లి కిందనుంచి దాన్ని లాగినట్టున్నాడు. రొప్పుతూ మాట్లాడుతున్నాడు.

"అమ్మ లేవట్లేదే! నిజంగా! ఒట్టు, ఈసారి నిజంగానే! కాలు చూస్తే ఎలాగో ఉంది. నాకేం చెయ్యాలో తెలీట్లేదు. వింటున్నావా? వస్తున్నావా?"

"అక్కా, లైనులో ఉన్నావా? మేడమ్‌కి ఏం చెప్పను?" అంటోంది కుడి చెవి దగ్గర ఫోను. "వస్తున్నావా?"

బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. కుడిచేతిలో ఫోను, ఎడమచేతిలో సెట్టు, ఉత్తరం ఇంకా సంచిలో.

"వస్తున్నా" అంది ఓవరమ్మ.

సెట్టు బటన్ మీద ఆవిడ వేలు లేదు.